గొర్రెల మందకు స్టేట్‌మెంట్ యాడ తెచ్చేది

మూడు రోజుల డబ్బు అని ఒకటుంది. బ్యాంకు ట్రైనింగులో దాని సంగతి ఎవరూ చెప్పరు, కాబట్టి నేను చెబుతాను.

ఒక పిల్ల విదేశంలో పై చదువుకు సీటు తెచ్చుకుందనుకోండి. అక్కడి ఫీజు కట్టగలననీ, ఏడాది పాటు గదికీ తిండికీ ఇబ్బంది పడననీ ఆ దేశపు వీసా ఆఫీసుకు రుజువు చూపాలి. రుజువంటే బ్యాంకు కాగితమే. ఖాతాలో అంత డబ్బు లేనివాళ్లకు కొన్ని కన్సల్టెన్సీలు దారి చూపిస్తాయి. ఎవరి దగ్గరో డబ్బు తెచ్చి వాళ్ల ఖాతాలో వేస్తాయి. నిల్వ ఇంత ఉందని మేనేజరు సర్టిఫికెట్ ఇస్తాడు. మూడో రోజుకు డబ్బు వచ్చిన దారినే వెళ్లిపోతుంది, కమీషన్ కన్సల్టెన్సీకి మిగులుతుంది. ఆ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం కూడా అబద్ధం ఉండదు. కాగితం మొత్తం అబద్ధం.

నేను ఉరవకొండలో పుట్టాను. నాయన శనక్కాయల మిల్లులో గుమాస్తా. క్లర్కుగా బ్యాంకులో చేరి, జిల్లాలోనే ఊళ్లు తిరిగి, బ్రాంచి మేనేజరుగా రిటైరయ్యాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎప్పుడు రాలేదో రాసి మీ కాలం వృథా చేయను. కొత్తగా ఈ కుర్చీలో కూర్చోబోయే పిల్లలకు పనికొచ్చేది నా దగ్గర ఉన్నది ఒక్కటే. ఒక ఇంటికి స్తోమత ఉందా లేదా అని తేల్చి సంతకం పెట్టడం. ఆ ఒక్క పని కోసం నేను ఒక బదిలీ, ఒక మందలింపు తిన్నాను. రెండూ నాకు గౌరవమే.

అడగని సంగతి రాయడం

అనంతపురం టౌన్ బ్రాంచిలో ఉండగా ఒక కాంట్రాక్టరు వచ్చాడు. భూములున్న కుటుంబం, ఒక కాలు రాజకీయాల్లో, ఒక కాలు రోడ్డు పనుల్లో. కొడుకు చదువు కోసం బ్యాలెన్స్ సర్టిఫికెట్ కావాలన్నాడు. ఖాతా చూస్తే ముందు రోజు మధ్యాహ్నం దాకా దాదాపు ఖాళీ. ఆ తర్వాత ఒకే దెబ్బకు పెద్ద మొత్తం పడింది. వేసినవాళ్లు ఎవరో చూస్తే, అదే వారంలో ఇంకో ఇద్దరు పిల్లల ఖాతాల్లోకి వచ్చి వెళ్లిన డబ్బు కూడా వాళ్లదే.

సర్టిఫికెట్ ఇవ్వనని నేను అనలేదు. ఖాతాదారు అడిగితే ఇవ్వాలి. నిల్వ రాసి, కింద ఇంకో వాక్యం కూడా రాశాను: ఈ మొత్తం నిన్న జమ అయింది, అంతకు ముందు ఆరు నెలల సగటు నిల్వ ఇంత.

కాగితం చదివి ఆయన నా మొహం చూశాడు. కోపం కూడా రాలేదు. “ఎంత ఉండాదో రాయమంటే, ఎప్పుడొచ్చిందో ఎందుకు రాసినారు మేడమ్? అది నేను అడిగినానా?”

“నిన్న వచ్చింది గదన్నా. నిన్న వచ్చిందనే రాసినా.”

ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, “టౌన్‌లో మీకు నీడ ఎక్కువైనట్లుంది,” అన్నాడు.

ఆ సాయంత్రమే రీజనల్ ఆఫీసు నుంచి పెద్దసారు ఫోన్ చేశారు. ఆయన చెడ్డవాడు కాదు. చదువుకున్నవాడు, మాట మెత్తన, లంచం ముట్టడు. ఆయన జబ్బు వేరు. ఎవరితోనూ తగాదా పెట్టుకోకుండా రిటైరవడమే ఆయన లక్ష్యం. “అడిగిందే రాయాలమ్మా. అడగనిది రాయడం నిజాయితీ కాదు, అతి. ఫైలు మాట్లాడాలి, మీరు కాదు,” అన్నారు. నా కాగితం కూడా ఫైలులోనిదే సార్, అదే మాట్లాడుతోంది అన్నాను. ఇంకో కాగితం రాసివ్వమన్నారు. రాయలేదు. నా కింద ఆఫీసరు చేత రాయించుకున్నారు. కాంట్రాక్టరు కొడుకు హాయిగా విమానమెక్కాడు. నేను కుందుర్పి బస్సెక్కాను.

కనపడని డబ్బు

కుందుర్పి గురించి జాలిపడుతూ మాట్లాడితే నాకు నచ్చదు. వానలు తక్కువ, రాళ్లు ఎక్కువ, నిజమే. శనక్కాయ వేసి, ఊడలు దిగే వేళకు ఆకాశం చూస్తూ కూర్చునే ఊళ్లు. కానీ అక్కడి మనుషులు ఒక పంట మీద, ఒక వాన మీద బతకరు. చేను ఎండిన ఏడాది గొర్రెలు ఇంటిని నడుపుతాయి. ఆ సంగతి మా బ్యాంకుకు తెలియదు. మా దరఖాస్తుల్లో జీతానికి గడి ఉంది, ఇంటి అద్దెకు గడి ఉంది, గొర్రెకు లేదు.

భాగ్య ఒక సోమవారం తండ్రితో కలిసి వచ్చింది. అనంతపురంలో బీఫార్మసీ చదివింది. యూరప్‌లో ఒక చిన్న దేశంలో మందుల తయారీకి సంబంధించిన ఎమ్మెస్సీ సీటు వచ్చింది. సీటు కాగితం, మార్కుల జాబితా, ఇంగ్లీషు పరీక్ష ఫలితం వరుసగా నా టేబుల్ మీద పెట్టింది. అన్నీ బాగున్నాయి. డబ్బు రుజువు ఎక్కడుందని అడిగాను.

“మా నాయన దగ్గర దుడ్లు ఉండాయి మేడమ్. కానీ కనపడవు,” అంది.

తండ్రి తిమ్మప్ప మేనేజరు గదిలోకి వచ్చి వంగి నిలబడే రకం కాదు. తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండు వందలకు తక్కువ కాకుండా గొర్రెలున్నాయనీ, ఎవరికీ బాకీ లేననీ, ఇంట్లో ఎవరూ పస్తులు పడుకోలేదనీ చెప్పాడు. “ఆరు నెలల స్టేట్‌మెంట్ కావాలంట. గొర్రెల మందకు స్టేట్‌మెంట్ యాడ తెచ్చేదమ్మా?”

అప్పటికే వాళ్లు ఒక కన్సల్టెన్సీకి వెళ్లివచ్చారు. మూడు రోజుల డబ్బు వేయిస్తామని, మేనేజరును తామే చూసుకుంటామని వాళ్లు చెప్పారట. భాగ్యతో చదివిన రాఘవ అనే పిల్లవాడు ఆ దారిలోనే వెళ్తున్నాడు. ఆమె ఏదీ దాచకుండా నన్నే అడిగింది, మీరు అలాంటి సర్టిఫికెట్ ఇస్తారా అని. ఇస్తాను, డబ్బు ఏ రోజు వచ్చిందో కూడా అందులో రాస్తాను అన్నాను. ఆ పిల్ల నవ్వింది. తండ్రి నవ్వలేదు.

మీ మందను చూడాలి, ఎప్పుడు రమ్మంటారు అని అడిగాను. తిమ్మప్ప మొదటిసారి నావైపు సరిగ్గా చూశాడు. బ్యాంకువాళ్లు తన ఇంటికి వసూలుకు తప్ప ఇంకో పనికి వస్తారని ఆయన అనుకోలేదు.

ఓబులమ్మ లెక్క

సాయంత్రం మంద తిరిగొచ్చే వేళకు వెళ్లాను. ఊరికి కొంచెం అవతల, ముళ్లకంప వేసిన పెద్ద దొడ్డి. మందకు అసలు యజమాని ఎవరో అక్కడికి వెళ్లాకే తెలిసింది. భాగ్య తల్లి ఓబులమ్మ. ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో, ఏ పొట్టేలుకు ఎవరు ఎంత అడిగారో ఆమె నోటిమీదే ఉంది. ఏడాదికి ఎన్ని పిల్లలు అమ్ముతారు, ఎన్ని చచ్చిపోతాయి, మందులకు ఎంత పోతుంది అని నేను అడుగుతూ పోయాను. రైతులు తమ చేలల్లో ఎరువు కోసం మందను రాత్రిళ్లు నిలుపుకుంటే దానికి కూడా డబ్బో గింజలో ఇస్తారు. అది కూడా రాసుకున్నాను. మరుసటి రోజు పశువుల ఆసుపత్రికి వెళ్లి, టీకాలు వేసినప్పుడు వాళ్లు నమోదు చేసిన సంఖ్యతో సరిపోల్చాను. సరిపోయింది.

కొత్త ఆఫీసర్లకు ఇక్కడ ఒక మాట. మీరు ఆదాయపు పన్ను రిటర్న్ చూసి, ఇంత సంపాదిస్తాడు అని రాస్తారు. ఆ రిటర్న్ ఎవరో ఆడిటరు ఒక మధ్యాహ్నం కూర్చుని తయారుచేసింది. అయినా నమ్ముతారు, అచ్చు వేసి ఉంది కాబట్టి. దొడ్డి దగ్గర నిలబడి కళ్లతో చూసింది మాత్రం నమ్మరు. బూట్లకు పేడ అంటకుండా గ్రామీణ బ్రాంచిలో పనిచేసినవాళ్లను నేను మేనేజర్లుగా లెక్కపెట్టను.

నేను వేసిన పథకం ఇది. కాలేజీ ఫీజుకు బ్యాంకు అప్పు. ఆ మొత్తం నా అధికార పరిధిలోనే ఉంది, తనఖా అక్కరలేదు. ఏడాది తిండికీ గదికీ చూపాల్సిన డబ్బు మాత్రం వాళ్లదై ఉండాలి. అంటే మందలో సగం అమ్మాలి.

పొట్టేళ్లూ పిల్లలూ అమ్మితే సరిపోదు, ఆడగొర్రెలు కూడా పోవాలి. తిమ్మప్ప ఒప్పుకోలేదు. ఆడగొర్రెలు అమ్ముకున్న ఇల్లు మళ్లీ లేవదని వాదించాడు. చిన్నప్పుడు అలా చితికిపోయిన తన మేనమామ సంగతి చెప్పాడు. ఆయన భయం ఉత్తుత్తిది కాదు. భాగ్య తల దించుకుని నేలను గీస్తూ కూర్చుంది. మంద వాళ్లది, అమ్మాలో వద్దో నేను చెప్పాల్సింది కాదు.

ఓబులమ్మ అంతా విని లేచి, దొడ్డి తడిక మూసి వచ్చింది. “గొర్రె ఈనితే మంద అయితాది,” అంది మొగుడితో. “సీటు ఈనదు గదా.”

తిమ్మప్ప ఏ ఆడగొర్రెలు ఉంచుకోవాలో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

నడిచిపోయే పూచీ

అప్పు మంజూరు చేయబోతున్నానని తెలిసి పెద్దసారు ఫోన్ చేశారు. తండ్రికి రిటర్నులు లేవు, జీతం లేదు, భూమి ప్రభుత్వం ఇచ్చిన పట్టా కాబట్టి తాకట్టుకు పనికిరాదు, ఏం చూసి ఇస్తున్నారు అని అడిగారు. మంద చూసి అన్నాను.

“గొర్రెలు నడిచి వెళ్లిపోతాయమ్మా. రేపు ఏదైనా రోగం వస్తే?”

“జీతాలు కూడా నడిచి వెళ్లిపోతాయి సార్. ఉద్యోగం పోదని ఎవరైనా మనకు రాసిచ్చారా?”

ఆయన నిట్టూర్చారు. నా మంచి కోసమే చెబుతున్నానన్నారు. మీకు రిటైర్మెంట్ దగ్గర పడింది, ఎందుకీ తలనొప్పి అన్నారు. వద్దని కాగితం మీద రాసి పంపండి, ఆపేస్తాను అన్నాను. రాయలేదు. నోటితో వద్దని, కాగితం మీద మౌనంగా ఉండే పై అధికారులు మీకూ తగులుతారు. వాళ్లకు మందు ఒక్కటే. రాసివ్వమని అడగండి.

అప్పు మంజూరు చేశాను.

గొర్రెలు కొన్నది ఖాదర్ సాబు. అనంతపురం మార్కెట్ యార్డులో పాత వ్యాపారి, తిమ్మప్పతో చిరకాలపు బేరం. మొత్తం డబ్బు ఖాతాలోనే వేయమని అడిగాను. ఆయన ఇబ్బందిగా నవ్వాడు. తమ వ్యాపారం నోటిమాట మీద, చేతి డబ్బు మీద నడుస్తుందనీ, ఇంత మొత్తం ఒకేసారి ఖాతాలోంచి వెళితే రేపు ఎవరో వచ్చి ఇదేంది అని అడుగుతారనీ చెప్పాడు. చివరకు సగం ఖాతాకు, సగం నగదుగా ఇచ్చాడు. నగదును తిమ్మప్ప మా కౌంటరులోనే కట్టాడు. గొర్రెలు అమ్మగా వచ్చిన డబ్బు అని నేను ఉత్తరం రాసి జతచేశాను. భాగ్య దరఖాస్తు వెళ్లింది.

కాదన్నారు

వీసా ఆఫీసు కాదంది. ఖాతాలో పెద్ద మొత్తం నగదు జమ అయింది, అది ఎక్కడిదో తగిన రుజువు లేదు అని రాశారు. తిరస్కరణ ఉత్తరాన్ని నేను నాలుగైదుసార్లు చదివాను. వాళ్లను తిట్టాలనిపించింది. కానీ మూడు రోజుల డబ్బును పట్టుకోవడానికి వేసిన వల అది. అందులో మేం చిక్కుకున్నాం.

తిమ్మప్ప బ్రాంచికి వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. బయట ఖాతాదారులు వింటున్నారని తెలిసి కూడా గొంతు తగ్గించలేదు. “నీ మాట ఇని మంద అమ్ముకుంటిమి. ఆ కన్సల్టెన్సీవాడు చెప్పినట్ల చేసింటే మా పాప ఈ పొద్దు ఆడ ఉండేది. రాఘవ పోలేదా?”

రాఘవ వెళ్లాడు, నిజం. మూడు రోజుల డబ్బుతోనే వెళ్లాడు. అబద్ధం చెప్పినవాళ్లు చివరికి దొరికిపోతారని మీకు కథ చెప్పను. ఆ పిల్లవాడు దొరకలేదు, ఇప్పుడు బాగానే ఉన్నాడు, మంచి పిల్లవాడు కూడా. నిజం చెబితే పని జరుగుతుందని నేను తిమ్మప్పకు ఎప్పుడూ మాట ఇవ్వలేదు, కానీ ఆయన అలాగే అనుకున్నాడు. అలా అనుకోనిచ్చింది నేనే.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడిన భాగ్య లోపలికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

“నాయనా, మేడమ్‌ను అనొద్దు. నేను చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. అర్థం కాలేదంటే మళ్లీ చెప్తా. గడువు ఉండాది.”

అప్పీలు చేసుకోవచ్చని ఆ ఉత్తరం అడుగునే ఉంది. నేను నాలుగైదుసార్లు చదివినా అక్కడిదాకా వెళ్లలేదు. కోపంలో పై సగమే చదువుతారు మనుషులు.

ఖాదర్ సాబు సంతకం

కావాల్సింది ఒక్కటే. గొర్రెలు తనే కొన్నానని, అందులో ఇంత నగదుగా ఇచ్చానని ఖాదర్ సాబు స్టాంపు కాగితం మీద రాసి, యార్డులో ఫీజు కట్టిన రశీదులు ఇవ్వాలి. ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు.

సంత జరిగే రోజు భాగ్యా నేనూ యార్డుకు వెళ్లాం. దుమ్ము, అరుపులు, లారీల్లోకి ఎక్కిస్తున్న మేకలు. ఖాదర్ సాబు మమ్మల్ని చూసి తప్పించుకోలేదు, టీ తెప్పించాడు. కానీ అడిగింది విని తల అడ్డంగా ఊపాడు. తన పేరు ఒక విదేశీ ఆఫీసు కాగితాల్లో ఎక్కడం ఆయనకు ఇష్టం లేదు. తన కొడుకులు ఒప్పుకోరన్నాడు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఎవరూ ఇంతవరకు ఇలాంటిది అడగలేదన్నాడు. వ్యాపారిగా ఆయన మాటలో తప్పేమీ లేదు. నేను చట్టం గురించి చెప్పబోయాను. రశీదు ఉన్న సరుకుకు భయమెందుకని ఏదో మొదలుపెట్టాను. భాగ్య నా చేయి పట్టుకుని ఆపింది.

“ఖాదర్ మామా, ఎన్ని తూర్లు మా నాయన నీకు అప్పు మీద గొర్రెలు తోలిచ్చినాడు?”

“శానా తూర్లు ఇచ్చినాడు.”

“కాగితం అడిగినాడా?”

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. “అడగలేదు.”

“ఈ పొద్దు నేను అడుగుతాండా.”

పక్కనే ఎవరో ఒక పొట్టేలు పళ్లు చూస్తూ వయసు గురించి కొట్లాడుకుంటున్నారు. ఖాదర్ సాబు కొడుకును పిలిచి, రశీదుల సంచి తెమ్మన్నాడు. కొడుకు ఉర్దూలో ఏదో అడ్డం చెప్పాడు. ఆయన తెలుగులో, మాకు కూడా వినపడేటట్లు జవాబిచ్చాడు.

“వచ్చి అడిగితే అడగనీలే. గొర్రెలు కొన్నా, దొంగతనం చేసినానా?”

ఆ మధ్యాహ్నమే నోటరీ దగ్గరికి వచ్చి సంతకం పెట్టాడు. కారు ఖర్చు కూడా తనే పెట్టుకున్నాడు.

కొట్టేసిన వాక్యాలు

అప్పీలు ఉత్తరం భాగ్యే రాసింది, తన ఇంగ్లీషులోనే. బాగా రాసింది. నేను ఒక పని మాత్రం చేశాను. మేము పేద కుటుంబం అని మొదలుపెట్టింది, కొట్టేయించాను. కరువు ప్రాంతం నుంచి వచ్చాను, దయతో పరిశీలించండి అని ముగించింది, అదీ కొట్టేయించాను.

ఆ పిల్లకు కోపం వచ్చింది. అది నిజం కాదా మేడమ్ అంది. నిజమే కావచ్చు, కానీ ఇది దయ అడిగే చోటు కాదు అన్నాను. మన పిల్లలకు చిన్నప్పటి నుంచి లేమిని చూపించడం నేర్పుతాం. స్కాలర్‌షిప్పుకు లేమి చూపాలి, ఫీజు రాయితీకి లేమి చూపాలి, హాస్టలు సీటుకు లేమి చూపాలి. అలా చూపించి చూపించి, ఉన్నదాన్ని ఉన్నదని చెప్పడం మర్చిపోతారు. స్తోమత చూపించమని అడిగినచోట కూడా చేయి చాపుతారు. భాగ్య ఇంటికి మంద ఉంది, ఏటా దాని మీద రాబడి ఉంది, అవసరానికి సగం అమ్మి మిగతా సగంతో బతికే తెలివి ఉంది. అది స్తోమత కాకపోతే ఇంకేది?

ఆమె కొత్త మొదటి వాక్యం రాసింది. మా కుటుంబం వృత్తి గొర్రెల పెంపకం, దానిమీద వచ్చే ఆదాయంతో నా తల్లిదండ్రులు నన్ను చదివించారు, ఇకపైన కూడా చదివించగలరు. దాని కింద రశీదులు, ఖాదర్ సాబు కాగితం, టీకాల సర్టిఫికెట్, నేను రాసిన ఆదాయపు అంచనా ఒకదాని వెనక ఒకటి.

కొన్ని వారాలకు బ్రాంచికి ఫోన్ వచ్చింది. వీసా ఆఫీసు తరఫున ఒకావిడ. నా ఉత్తరాలు నేనే రాశానా అని అడిగింది, అప్పు మంజూరైన మాట నిజమేనా అని అడిగింది. తర్వాత గొర్రెల మీద ఒక కుటుంబం ఇంత కూడబెట్టగలదా అని మర్యాదగానే అడిగింది. మీ దేశంలో గొర్రెల పెంపకందార్లు పిల్లల్ని కాలేజీకి పంపరా అని నేను కూడా మర్యాదగానే అడిగాను. పంపుతారంది. మా దగ్గర కూడా అంతే అన్నాను.

వీసా వచ్చింది. అప్పటికి ఆ సెమిస్టరు మొదలైపోయింది. కాలేజీవాళ్లు తర్వాతి విడతలో చేరమన్నారు. ఆ మధ్య నెలలు భాగ్య ఊళ్లోనే ఉండి తల్లితో పాటు మంద వెంట తిరిగింది. అది వృథా అయిన కాలమని అందరూ అన్నారు. ఆమె మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

విచారణ

భాగ్య వెళ్లిపోయాక నాకు మెమో వచ్చింది. రిటర్నులు లేని వ్యక్తి ఆదాయాన్ని సొంత అంచనాతో నిర్ధారించి, మౌఖిక సలహాను పెడచెవిన పెట్టి అప్పు ఎందుకు మంజూరు చేశారు? విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు. చిన్నవాడు, పద్ధతైనవాడు. మంద చూస్తానన్నాడు. తీసుకెళ్లాను.

గుట్ట వారగా గొర్రెలు మేస్తున్నాయి. ఇంకో ఇద్దరి మందలు కూడా వాటితో కలిసి ఉన్నాయి. ఆ అబ్బాయి కాగితాల కట్ట తిరగేస్తూ ఓబులమ్మను అడిగాడు, అమ్మా, ఇందులో మీవి ఏవో, అవి మీవేనని రుజువేమిటో చెప్పండి అని.

ఓబులమ్మ ఆయన్ను పైనుంచి కిందికి చూసింది. తర్వాత గుట్ట వైపు తిరిగి, నాలుక మడిచి ఒక కూత పెట్టింది. మేస్తున్న వాటిలో కొన్ని తలలెత్తాయి. మొదట ఒక ముసలి గొర్రె, దాని వెనక ఇంకొన్ని, తర్వాత బారుగా మిగతావి గుట్ట దిగి ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. పక్క మందల గొర్రెలు అక్కడే ఉండి మేత మానలేదు.

“ఇంగేం రుజువు కావల్ల సామీ?” అంది.

ఆ అబ్బాయి నిజాయితీపరుడు. చూసింది చూసినట్లే రాశాడు. యజమాని పిలుపుకు సుమారు సగం గొర్రెలు స్పందించాయి, అయితే దీనిని దస్త్ర రుజువుగా పరిగణించలేము అని. ఆ వాక్యం చదివి నేను ఒక్కదాన్నే గదిలో కూర్చుని చాలాసేపు నవ్వాను.

నామీద వచ్చిన నిర్ణయం మందలింపు. జీతం, పెన్షన్ జోలికి పోలేదు, సర్వీసు రికార్డులో ఎక్కించారు. నేను రిటైరైన రోజు రీజనల్ ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు. కుందుర్పి స్టాఫ్ ఒక శాలువా కప్పారు, ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెప్పించారు. అంతకంటే నాకు అక్కరలేదు.

భాగ్య చదువు పూర్తిచేసి అక్కడే ఒక మందుల కంపెనీలో నాణ్యత చూసే విభాగంలో చేరింది. అప్పు కంతులు తప్పకుండా కడుతోందని బ్రాంచివాళ్లు చెప్పారు. తిమ్మప్ప మంద పెరుగుతోంది కానీ మునుపటంత ఇంకా కాలేదు. మధ్యలో ఒక ఏడాది మేత దొరక్క కొన్ని చచ్చిపోయాయి. ఆయన నన్ను తిట్టిన రోజు గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అందులో క్షమించుకోవాల్సింది ఏమీ లేదు. ఆ స్థానంలో ఉంటే నేనూ తిట్టేదాన్ని.

రిటైరయ్యాక పెద్దసారు ఒకసారి ఒక పెళ్లిలో కలిశారు. ఆయనా అప్పటికి రిటైరయ్యారు, ఎవరితోనూ తగాదా లేకుండానే. పక్కన కూర్చుని, పాత స్నేహంతో చెప్పారు. ఆ మందలింపు మీద పైవాళ్లకు అప్పీలు చేసుకుని ఉంటే కొట్టేసేవారమ్మా, ఒక్క మాట విచారం వ్యక్తం చేస్తే సరిపోయేది, రికార్డు శుభ్రంగా ఉండేది, ఎందుకు చేయలేదు అని.

తప్పు చేశాననుకునేవాళ్లు కదా సార్, దాన్ని తుడిచేయమని అడిగేది అన్నాను.